జాతిలేని పెట్ట

ఒకానొక రాజ్యంలో, అంటే మా ముత్తాత వాళ్ల ముత్తాత కూడా చూడని కుంభవరంలో, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. పేరుకు తగ్గ మనిషే. ఏ గుర్రం కనబడినా, ఏ గొడ్డు కనబడినా ముందు దాని జాతి అడిగేవాడు. ఇక కోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తాతగారి నాటి నుంచి వస్తున్న డేగ కోళ్లంటే ఆయనకు ప్రాణం. ఒళ్లంతా ఎర్రటి ఎరుపు, వేరే రంగు ఈక ఒక్కటి ఉండదు. జాతిలేని కోడి కోటలో కాలు పెడితే వంటశాలకే పోవాలని శాసనం కూడా చేయించాడు.

ఒక ఏడు వరద వచ్చింది. అలాంటి ఇలాంటి వరద కాదు. ఏటి అవతల ఊళ్లలో కోడన్నది మిగల్లేదు. కోట గోడ విరిగి రాజుగారి డేగలన్నీ కొట్టుకుపోయాయి. అటక మీద ఊకలో పెట్టిన తొమ్మిది గుడ్లు మాత్రం దక్కాయి. మూడు తరాలుగా వస్తున్న డేగ వంశం ఆ తొమ్మిది గుడ్లలో ఉందన్నమాట. రాజుకు తిండి సయించలేదు.

కోళ్ల శాస్త్రం కంఠతా వచ్చిన శంభుశాస్త్రి ధైర్యం చెప్పాడు. గుడ్లను పట్టు పరుపు మీద పెట్టి నేతి దీపం వెలిగిస్తే ఇరవై ఒకటో నాటికి పిల్లలు లేస్తాయన్నాడు. రాజు నమ్మాడు. నమ్మడా మరి? ఇన్నాళ్లూ గుడ్లు కోళ్ల కాపరి గంగులు చేతికి వెళ్లడం, మూడు వారాలకు పిల్లలు తిరిగి రావడం తప్ప నడుమ ఏం జరిగేదో ఆయన ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజే పడవ నడిపే సూరాలమ్మను భటులు సభకు పట్టుకొచ్చారు. వరదలో తేలివస్తున్న తాటాకు కప్పు మీద ఒక పెట్ట కనబడితే ఆమె ప్రాణాలకు తెగించి పడవలోకి తీసుకుంది. దాన్ని చంకన పెట్టుకుని కోట వాకిట్లో గంజి కోసం నిలబడితే శాసనం మెడకు చుట్టుకుంది.

జాతి తేల్చమని రాజు ఆజ్ఞాపించాడు. శాస్త్రి పెట్టను తిప్పి తిప్పి చూశాడు. మెడ డేగ ఎరుపు, తోక కాకి నలుపు, రొమ్ము సేతువ తెలుపు, రెక్కల్లో నెమలి పసుపు, కాళ్లకు ఎక్కడివో ఈకలు. ఇది ఏ జాతీ కాదు, వంటశాలకు పంపించమన్నాడు.

"ఏట్లో చావనివ్వకుండా తెచ్చుకున్నాను మారాజా. ఇల్లూ పోయింది, ఇంట్లోవాళ్లూ పోయారు. నాకు మిగిలింది ఇదొక్కటే" అంది సూరాలమ్మ. ఏడవలేదు. ఏడుపు అప్పటికే అయిపోయింది పాపం.

సభలో అర్జీలు చదివి వినిపించే పేరయ్య అనే చమత్కారి లేచాడు. పెట్ట వంక చూశాడు. అది కురుకురుమంటూ, ఈకలు ఉబ్బించుకుని, పక్కనున్న అర్జీల గంపలోకి ఎక్కి కూర్చోబోతోంది. అది పొదుగు మీదుందని ఆయనకు అర్థమైంది.

"ప్రభూ, ఈకల్లో జాతి దొరక్కపోతే పనిలో దొరుకుతుంది. ఇరవై ఒక్క రోజులు గడువివ్వండి. జాతి తేల్చలేకపోతే పెట్టతో పాటు నా ఉద్యోగమూ తీసేయండి."

ఉద్యోగం కాదు, తలే తీయిస్తానన్నాడు రాజు. సరేనన్నాడు పేరయ్య.

తిన్నగా గంగులు దగ్గరకు వెళ్లాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, పట్టు పరుపు మీదికి సంతలో కొన్న బాతు గుడ్లు వచ్చాయి. డేగ గుడ్లు తొమ్మిదీ ఏటిగట్టున సూరాలమ్మ కొత్తగా వేసుకున్న పాకలో, గంపలోని ఆ పెట్ట కిందికి చేరాయి. పెట్ట మేతకు కూడా సరిగ్గా లేవలేదు. వానకు పాక కారితే గుడ్ల మీద రెక్కలు పరిచి తాను తడిసింది.

ఇరవై ఒకటో రోజు పట్టు పరుపు దగ్గర ముక్కు మూసుకోకుండా నిలబడినవాడు లేడు. వంశం అంతరించిందని రాజు కూలబడిపోయాడు. అప్పుడు పేరయ్య ఆయన్ని సూరాలమ్మ పాకకు రమ్మని బతిమాలాడు. గంప పక్కన చెవి పెట్టి వినమన్నాడు.

రాజు వంగాడు. పెట్ట గొంతులోనే ఏదో మెల్లగా అంటోంది. దాని కింద నుంచి, ఇంకా పగలని గుడ్డులో నుంచి, సన్నగా బదులు వస్తోంది. రాజు తల ఎత్తలేదు. ఊపిరి కూడా బిగబట్టాడు. ఏనుగుల ఘీంకారాలు, యుద్ధభేరులు విన్న మనిషి, పెంకులోపలి పలుకు వినడం అదే మొదలు. ఆయన కళ్ల ముందే ఒక పెంకు చిట్లింది, తడి తల ఒకటి బయటపడింది. పొద్దు వాలేసరికి తొమ్మిది డేగ పిల్లలు ఆ రంగురంగుల రెక్కల కింద నుంచి తొంగిచూశాయి.

రాజు ఒక పిల్లను తీసుకోబోయాడు. పెట్ట లేచి ఉంగరం వేలిమీదే పొడిచింది. భటులు కత్తులు దూశారు. రాజు చేత్తో ఆపాడు గాని, అహం ఊరుకోదు కదా.

"మా డేగ గుడ్లు జాతిలేని పెట్ట కింద పెట్టడమా?"

గంగులు కాళ్ల మీద పడి నిజం చెప్పేశాడు. డేగ పెట్టలు గుడ్లు పెడతాయే గాని పొదగవు. తాతగారి నాటి నుంచి ఆ గుడ్లన్నీ ఏటి అవతల పల్లెల్లో ఇలాంటి కలగలుపు పెట్టల కిందే పిల్లలయ్యాయి.

పేరయ్య చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, తల తీయించే ముందు ఒక్కమాట. తమరికి పాలిచ్చి పెంచిన దాది పోలమ్మ ఏ వంశమో తమరెప్పుడైనా అడిగారా?"

పోలమ్మ పోయిననాడు రాజు మూడు రోజులు మెతుకు ముట్టలేదని ఊరందరికీ తెలుసు. రాజు వేలికి కారుతున్న నెత్తురు ఉత్తరీయంతో తుడుచుకున్నాడు.

"అడగలేదు" అన్నాడు. "ఆకలేస్తే ఒళ్లో పడుకున్నాను, అంతే."

శాసనం ఆ క్షణమే రద్దయింది. పేరయ్యకు తన చేతి కంకణం తొడిగాడు. సూరాలమ్మకు కొత్త ఇల్లూ కొత్త పడవా ఇప్పించాడు. పిల్లలు పెరిగేదాకా తల్లి దగ్గరే, ఆమె ఇంట్లోనే ఉండాలన్నాడు. తరవాత కాస్త తగ్గి, ఇంతకుముందు ఎవరి అనుమతీ అడిగి ఎరగనివాడు కాబట్టి తడబడుతూ, ఒక్క పిల్లను ఒకసారి చేతిలోకి తీసుకోవచ్చా అని సూరాలమ్మను అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభం మారాజా? దాన్నడగండి" అంది సూరాలమ్మ.

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే కిరీటం తీసి పక్కన పెట్టి, అరచేతిలో నూకలు పోసుకుని, పెట్ట ఎదురుగా బురదలో చతికిలబడ్డాడు.