ఆగిన చోటు

అరుళప్ప స్వాములవారు ఏదడిగినా సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "ముందు పాడు, తర్వాత చూద్దాం" అనేవారు. క్రైస్తవ గురువులను తయారుచేసే ఆ గురువిద్యాలయంలో ఆయన దగ్గర పాత లాటిన్ ప్రార్థన పాటలు నేర్చుకుందామని వచ్చినవాళ్లంతా ఆ ఒక్క మాటకే విసిగి వెళ్లిపోయారు. మిగిలింది ఇన్నాసి ఒక్కడే.

ఆ పాటల ప్రతులు వెయ్యేళ్ల నాటివి. వాటిలో స్వరాలుండవు. మాటల నెత్తిన చీమకాళ్లంత గుర్తులు, అంతే. ఇక్కడ గొంతు లేస్తుంది, ఇక్కడ దిగుతుంది అంటాయి గానీ ఎంత లేవాలో, ఎంత దిగాలో చెప్పవు. అది గురువు నోట వినాల్సిందే. ఆ నోరు చూస్తే ఎంతోకాలం ఉండేలా లేదు. స్వాములవారి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఈస్టరు ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. తన భూస్థాపన నాడు పాడవలసిన పాటనే ఆయన ఇప్పుడు ఇన్నాసికి నేర్పుతున్నారు. ఈలోగా అది పట్టుబడకపోతే, ఆయనతోపాటే అదీ మట్టిలోకి పోతుంది. నేర్పేవారు నిబ్బరంగానే ఉన్నారు. నేర్చుకునేవాడికే ముద్ద దిగడం లేదు.

ఒక మధ్యాహ్నం ఇన్నాసి ప్రతిలో ఒక గుర్తు మీద వేలు పెట్టాడు. మాట సగంలో చిన్న అడ్డగీత. ఇక్కడ ఆగమని దానర్థం.

"స్వామీ, మిగతా రెండు ప్రతుల్లో ఇది లేదు. మాట మధ్యలో ఎవరైనా ఆగుతారా? రాసినవాడే తప్పు రాశాడు. వదిలేసి పాడనా?"

స్వాములవారు ప్రతిని మూసి పక్కన పెట్టారు. "కలం తీసుకో. నేను పాడతాను. విన్నది విన్నట్టు గుర్తులు పెట్టు" అన్నారు.

అంతదాకా ముక్కముక్కలుగా నేర్పారే గానీ, జబ్బు పడ్డాక ఆయన పాటంతా ఎత్తుకోవడం అదే మొదలు. ఇన్నాసి తల వంచుకుని రాస్తూ పోయాడు. మూడో పాదంలో, ఒక మాట సగంలో, పాట ఆగింది. స్వాములవారు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. కాసేపటికి మిగతా సగం అందుకుని, చివరిదాకా పాడి, కాగితం ఇలా ఇమ్మన్నారు.

"ఇక్కడ అడ్డగీత ఎందుకు పెట్టావు?"

"మీరు ఆగారు గదా, స్వామీ."

"ఆగానా? ఊపిరి అందలేదురా."

వెయ్యేళ్ల కిందట ఏ ముసలి గురువు మంచం పక్కనో కూర్చుని, ఇలాగే తల వంచుకుని రాసుకున్న శిష్యుడెవడో ఇన్నాసి కళ్లముందు కనబడినట్టయింది. వాడిది తప్పన్నందుకు సిగ్గేసింది. ఏడుపు ముంచుకొచ్చింది. అది కనబడనివ్వకుండా బ్లేడు తీసుకుని, "గీకేయనా, స్వామీ?" అన్నాడు.

స్వాములవారు ఆ కాగితం మడిచి అతని జేబులో పెట్టారు.

"ఇప్పుడెందుకు? నన్ను మట్టిలో పెట్టే రోజున పాడతావుగా. ఆ చోట ఆగకుండా దాటగలిగితే, అప్పుడు గీకెయ్."