ఈనెయ్య గూడూ మృగశిర గడువూ

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, కొండలు ఇంకా గులకరాళ్లంత ఉన్న రోజుల్లో, ఒక వాగు మీదికి వంగి ఒక తుమ్మచెట్టు ఉండేది. ఎంత పెద్ద చెట్టంటే, పైకొమ్మ మీద కూర్చుంటే చంద్రుడికి తల దువ్వొచ్చు. ఆ చెట్టు మీద గిజిగాళ్లకి గూళ్లల్లడం నేర్పే బడి ఒకటి నడిచేది.

పంతులుగారి పేరు పీచయ్య. ఆయన వయసెంతో ఆయనకే తెలీదు. ముక్కు అరిగి అరిగి ఆవగింజంత మిగిలింది. అయితేనేం, ఆ ముక్కుతోనే గాలికి కూడా ముడి వేసేవాడు.

ఆ బడిలో పరీక్ష ఒక్కటే. ప్రతి శిష్యుడూ తన గూడు తానే అల్లి, మృగశిర కార్తె వచ్చిన రోజు పొద్దు గుంకేలోగా పంతులుగారికి చూపించాలి. వేళకి చూపించినవాడికి వాగు మీద వేలాడే కొమ్మ చివర చోటు. అక్కడికి పాము రాలేదు, వచ్చిందా, కొమ్మ వంగి నీళ్లలో పడుతుంది. ఆలస్యమైతే మాత్రం రోజుకో కొమ్మ చొప్పున మానువైపు జరగాలి. మాను మొదట్లో పుట్ట. పుట్టలో పాము. నమ్మితే నమ్మండి, అది ఆవులిస్తే చుట్టుపక్కల ఊళ్లకి చీకటి పడేది.

"నిజంగా ఇబ్బంది వస్తే గడువు దాటకముందే వచ్చి అడగండి. దాటాక వచ్చి ఏడిస్తే నాకు చెవుడు," అనేవాడు పంతులుగారు.

ఆ శిష్యుల్లో ఈనెయ్య పనిమంతుడే, కానీ మహా తొందర మనిషి, అదే, తొందర పిట్ట. గూడు లోపల బంకమట్టి ముద్దలు అద్దాలి, లేకపోతే గాలికి నిలవదు. ఈ సంగతి పంతులుగారు గుడ్లలో ఉన్న పిల్లలకి కూడా చెప్పేవాడు. ఈనెయ్య మాత్రం, "అబ్బ, మట్టెవడు మోస్తాడు! ఆఖర్న అద్దుకుందాంలే," అనుకున్నాడు.

గడువుకి ముందురోజు గాలి లేచింది. ఏమి గాలి! ఏనుగులు ఎగిరివెళ్లి పక్క రాజ్యంలో పడ్డాయి. ఇక మట్టి లేని గూడెంత? పుటుక్కున తెగి కింద పడింది. పడీ పడగానే ఎర్రచీమలు కాపురానికి దిగాయి.

ఈనెయ్య కిందికి దిగి గూటి చుట్టూ తిరిగాడు. గడువు రేపే. కళ్ల ముందు పుట్టే కనిపిస్తోంది.

తోటి శిష్యులు గరికయ్య, బూరయ్య వచ్చి వాలారు. వాళ్ల గూళ్లకీ అతీగతీ లేదు.

"ఒరే పిచ్చిమొహమా, ఇప్పుడు నాలుగు మట్టి ముద్దలు లోపల కుక్కు. అద్దినా పడిపోయిందని చెప్పు. ముసలాయనకి కనపడి చస్తుందా?" అన్నాడు గరికయ్య.

"అసలు వెళ్లడమెందుకు? గడువు దాటనీ, తరవాత ఏదో ఒక కథ అల్లి చెబుదాం. నేను గూడు మొదలే పెట్టలేదు, నా మొహంలో దిగులుందా చూడు!" అన్నాడు బూరయ్య.

ఈనెయ్య వాగు గట్టుకెళ్లి ముక్కు నిండా మట్టి తెచ్చాడు. గూటి దగ్గర నిలబడ్డాడు. ఈ అబద్ధం చెబితే దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి, దానికి ఇంకోటి. ఆ బరువు ముందు మట్టి మొయ్యడమే నయం. ముక్కులో ఉన్న మట్టిని తుపుక్కున ఉమ్మేశాడు.

మర్నాడు పొద్దు ఇంకా బారెడుండగానే గూటిని చీమలతో సహా ఈడ్చుకెళ్లి పంతులుగారి ముందు పెట్టాడు.

"ఏమిట్రా ఇది? గూడా, చీమల సత్రమా?"

శిష్యులు నవ్విన నవ్వుకి చెట్టు ఆకులు సగం రాలాయి.

"గూడేనండీ. నిన్నటి గాలికి పడింది."

"మిగతావాళ్లవి పడలేదే?"

"వాళ్లు మట్టి అద్దారండీ. నేను బద్ధకించాను. కాస్త గడువిస్తే మొదటినుంచి అల్లుకుంటాను."

పంతులుగారు గూటిని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ కాసేపట్లో ఈనెయ్యకి ముసలితనం వచ్చినంత పనైంది.

"బద్ధకానికి గడువివ్వనురా. వేళ దాటకముందే వచ్చావు, ఉన్నదున్నట్టు చెప్పావు, అందుకిస్తున్నాను. ఆరుద్ర కార్తె దాకా, అంటే రెండు వారాలు. కొమ్మ చివర నీ చోటు నీదే. కానీ రోజూ సాయంత్రం అల్లినంత తెచ్చి చూపించాలి. ఆరుద్ర వచ్చాక మళ్లీ అడగడానికి లేదు. ఇదిగో, మెడ దగ్గర ముడి కూడా వదులే. మట్టి అద్దినా ఇది నిలిచేది కాదు."

పొద్దు గుంకింది. తెల్లవారగానే బూరయ్య గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

"పంతులుగారో! మూడంతస్తుల గూడండీ! డేగ ఎత్తుకుపోయిందండీ!"

"డేగ గూడెత్తుకుపోయి నిన్నొదిలేసిందా? పాపం, దానికి శాకాహారం పడ్డట్టుంది. సరే, గూడు పోయినా కట్టిన ముడి కొమ్మకి మిగులుతుందిగా, చూపించు."

బూరయ్య తన కాళ్లని ఎన్నడూ చూడనట్టు చూసుకున్నాడు.

ఆ వెనకే గరికయ్య ఒక అందమైన గూడు తెచ్చాడు.

"ఎప్పుడల్లావు నాయనా?"

"తిండీ నిద్రా మాని, ఇప్పుడే ముగించానండీ!"

"ఇప్పుడే అల్లింది పచ్చగా ఉండాలి. ఇది ఎండి గడ్డివాము రంగుకొచ్చింది. మీ అన్న నిరుడు అల్లిన గూడురా ఇది. దీనికి మార్కులు నిరుడే వేసేశాను."

గరికయ్యని చంటిపిల్లల వరసలో కూర్చోబెట్టి మొదటి ముడి నుంచి నేర్చుకోమన్నాడు. బూరయ్యని, "అల్లి తీసుకురా, రోజులు పోయిన కొద్దీ కొమ్మలు పోతాయి," అని పంపేశాడు.

ఈనెయ్య మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి సాయంత్రం చూపిస్తే పంతులుగారు మొత్తం విప్పేశాడు. రెండో సాయంత్రం సగం విప్పాడు. మూడో సాయంత్రం తల ఊపాడు. ఆ ఊపుకి ఈనెయ్య చెట్టంత ఎత్తు ఎగిరాడు.

"గడువుందిగా, పడుకోరా!" అని బూరయ్య పైనించి వెక్కిరించేవాడు.

"ఉంది కాబట్టే అల్లుతున్నాను," అని ఈనెయ్య మట్టికి ఎగిరేవాడు. అతను మోసిన మట్టి కుప్ప పోస్తే ఇంకో కొండ లేచేది.

ఆరుద్రకి ముందురోజు గూడు ముగిసింది. పంతులుగారు మెడ దగ్గర ముడి లాగి చూశాడు, కదల్లేదు. ఆ సాయంత్రమే వాన దిగింది. చేపలు ధారలు పట్టుకుని మబ్బుల్లోకి ఈదేంత వాన. కొమ్మ చివర గూట్లో ఈనెయ్య ఈక కూడా తడవలేదు.

మాను పక్కన సగం అల్లిన గూట్లోంచి ముద్దముద్దగా తడిసిన బూరయ్య కేకేశాడు.

"ఒరే ఈనెయ్యా, లోపల కాస్త చోటుందా?"

"ఉంది, రా. పొద్దున్నే మాత్రం పంతులుగారి దగ్గరికెళ్లి జరిగింది చెప్పాలి."

"నువ్వూ రావాలి మరి!"

"వస్తాలే, ముందు ఆ రెక్కలు బయట దులుపుకో!"

కాబట్టి పిల్లలూ, పని వెనకబడితే గడువు దాటకముందే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. ముందుగా చెప్పిన నిజానికి దొరికే చోటు ఆలస్యంగా తెచ్చిన సాకుకి దొరకదు.