సిద్ధాంతిగారి మంచుకొండ

బసవ భూపతికి గారెలంటే ఎంత ప్రాణమో, ఆస్థాన సిద్ధాంతి విరూపాక్షయ్య మాటంటే అంత గురి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడితే మధ్యలో నలిగిపోయింది పాపం, వంటశాల పెద్ద నారప్ప.

ఒకరోజు పొద్దున్నే సిద్ధాంతి రొప్పుకుంటూ సభలోకి వచ్చాడు. "ఖగోళ కంఠీరవ" అని తనకు తానే ఇచ్చుకున్న బిరుదు ఆయన శాలువా మీద జరీతో మెరుస్తోంది.

"ప్రభూ, కొంప మునిగింది! భూమి ఉత్తరానికి ఒరిగిపోతోంది!"

రాజు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఎందుకయ్యా?"

"ఉత్తర ధ్రువంలో మంచుకొండ పెరిగిపోయింది. పన్నెండు లక్షల ఏనుగుల బరువు! నేను లెక్క కట్టాను. మన బరువంతా దక్షిణానికి తరలించకపోతే, వచ్చే అమావాస్యకి అందరం జారి మంచులో పడతాం."

రాజుకు చలి వేసింది. ఎండాకాలం అన్న సంగతి కూడా మర్చిపోయి దుప్పటి తెమ్మన్నాడు. మధ్యాహ్నానికల్లా దండోరా వేయించాడు. ఊళ్ళో ఉన్న రుబ్బురోళ్ళు, తిరగళ్ళు, సన్నికళ్ళు అన్నీ బండ్లకెక్కించి దక్షిణపు పొలిమేరకు తోలించాలి!

ఇక చూడండి తమాషా. నాలుగు రోజులు ఊరంతా పచ్చడి లేకుండా మజ్జిగన్నం తిన్నది. ఆడవాళ్ళు సిద్ధాంతిని తిట్టిన తిట్లకు లెక్కే లేదు. ఆయన మాత్రం వీధిలో నడుస్తూ, "చూశారా, భూమి కొంచెం సర్దుకుంది" అని మీసం దువ్వుకునేవాడు.

ఐదో రోజు రాజు నారప్పను పిలిపించాడు.

"రేపు నా పుట్టినరోజు. నూట ఎనిమిది గారెలు కావాలి. ఇవాళ ఒకటి రుచి చూపించు."

"రోలు లేదు ప్రభూ. పప్పు ఎలా రుబ్బను?"

"అదంతా నాకు తెలీదు. గారె బాగాలేకపోతే ఈ వంటశాలలో నీకు చోటు లేదు."

నారప్ప ముప్ఫై ఏళ్ళుగా ఆ పొయ్యిల దగ్గరే బతికాడు. నానబెట్టిన మినప్పప్పును ఇత్తడి గిన్నెలో పోసి, చెక్క రోకలితో చెమటలు కక్కుతూ దంచాడు. పిండి ససేమిరా పొంగలేదు. చేసేది లేక అలాగే గారె తట్టి, వేయించి, వెండి పళ్ళెంలో పెట్టి సభకు తెచ్చాడు.

రాజు కొరికాడు. టక్కుమని చప్పుడైంది. గారెకు ఏమీ కాలేదు గానీ రాజు దవడ పట్టుకున్నాడు.

"ఇది గారెనా, గుండ్రాయా? సాయంత్రంలోగా మూటా ముల్లే సర్దుకుని పో!"

నారప్పకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒళ్ళు కూడా మండింది. "వెళ్తాను ప్రభూ. నా పొట్ట కొట్టిన ఆ ఒరుగుడేమిటో ఒక్కసారి కళ్ళారా చూసి పోతాను."

సిద్ధాంతి ముసిముసిగా నవ్వి తన రాతపీట తెప్పించాడు. సభ మధ్యలో వేయించి, దాని మీద ఇనుప గంటం పెట్టాడు. గంటం గిరగిరా దొర్లి ఉత్తరం వైపు ఠంగుమని పడింది.

"రోజూ ఇంతే! నేను రాస్తూ రాస్తూ గంటం కింద పెడితే ఉత్తరానికే పరుగు. దాన్ని బట్టే మంచుకొండ సంగతి పసిగట్టాను."

సభంతా ఆహా అన్నది. నారప్ప ముందుకొచ్చాడు. పీటను రెండు చేతులా పట్టుకుని అటుది ఇటు తిప్పి, గంటం మళ్ళీ దాని మీద పెట్టాడు. ఈసారి అది దొర్లుకుంటూ దక్షిణానికి పడింది.

సిద్ధాంతి వంగి గంటాన్ని చూశాడు. కానీ ఆయన ఊరుకునే ఘటమా? "ఆ... అదే! మంచు కరిగి, పారి, దక్షిణ ధ్రువంలో గడ్డకట్టింది!"

"ఓరేయ్, బండ్లు ఉత్తరానికి తోలండిరా!" అని రాజు కేక పెట్టాడు. భటులు పరుగెత్తారు.

నారప్ప పీటను ఇంకాస్త తిప్పాడు. గంటం తూర్పున పడింది.

"మంచు తూర్పుకొచ్చింది!" అన్నాడు సిద్ధాంతి, నుదురు తుడుచుకుంటూ.

"బండ్లు పడమటికి!" అని అరవబోయి రాజు మధ్యలోనే ఆగాడు. పీటను చూశాడు, సిద్ధాంతిని చూశాడు.

"ఆగండ్రా. నారప్పా, ఇంతకీ భూమిని ఇన్నిసార్లు తిప్పిందెవరు?"

"నేనే ప్రభూ, ఈ రెండు చేతులతో."

"ఇదేం విద్యరా?"

"వడ్డన విద్య ప్రభూ. విస్తట్లో చారు ఒక పక్కకి పారితే మేం విస్తరి కిందకి చూస్తాం, ఉత్తర ధ్రువం దాకా వెళ్ళం."

అని పీటను తలకిందులు చేసి చూపించాడు. దాని కాళ్ళలో ఒక కోడును చెదలు వేలి మందాన తినేశాయి.

నారప్ప పళ్ళెంలోంచి ఆ గారె తీసి పొట్టి కోడు కింద తోశాడు. సిద్ధాంతి బరువుగల మనిషే, మొండిపట్టు కొద్దీ పీట మీద ఎక్కి కూర్చున్నాడు కూడా. గారె చెక్కు చెదరలేదు. ఆయన దిగాక నారప్ప గంటం పెట్టాడు. అది పెట్టినచోటే బుద్ధిగా పడుకుంది.

"చూశారా!" అని సిద్ధాంతి గంతేశాడు. "రాతిబరువు పడగానే భూమి సర్దుకుంది. నేను చెప్పిందీ అదేగా!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. దవడ నొప్పికి అబ్బా అంటూనే నవ్వాడు. మంత్రులు, భటులు, వింజామర పట్టేవాళ్ళు, ఎవ్వరూ ఆగలేకపోయారు. రాజు తన చేతి బంగారు కడియం తీసి నారప్పకు తొడిగాడు.

"రోళ్ళన్నీ ఎవరివి వాళ్ళ ఇళ్ళకు చేర్చండి. వంటశాల ఎప్పటికీ నారప్పదే. ఇక రేపటి నూట ఎనిమిది గారెలకూ పప్పు రుబ్బేది సిద్ధాంతిగారు!"

సిద్ధాంతి శాలువా సర్దుకున్నాడు. "ప్రభూ... రోలు ఏ దిక్కుకు తిప్పాలి?"

"మీ ఇష్టం సిద్ధాంతిగారూ," అన్నాడు నారప్ప. "పిండి మెత్తబడితే చాలు."