గజపతయ్యగారి ఒక్క చూపు

కేతభూపతి మహారాజుకు పొద్దున ఫలహారం కాగానే ఎవరి మీదైనా కోపం రావడం అలవాటు. ఆ రోజు కొలువులో చమత్కారిగా పేరుపడ్డ చిట్టెన్న మీద వచ్చింది.

"ఏమయ్యా, మా కొలువులో ఉంటూ సాలె కోనమ్మ దగ్గర కూలికి కుదిరావట?"

"నిజమే ప్రభూ," అన్నాడు చిట్టెన్న. "పని అయితే ఒక ఉత్తరీయం. కాకపోతే ఏమీ లేదు."

సంగతేమిటంటే, ఆ రాజ్యంలో అగ్గినిధి అని ఒకటుంది. ఏటా ఉగాదికి నిధివాళ్లు ఇల్లిల్లూ తిరిగి, గదులూ మగ్గాలూ లెక్కబెట్టి, చిట్టాలో రాసుకుని, రుసుము పట్టుకెళతారు. ఇల్లు కాలితే ఉన్నది ఉన్నట్టు నిధే మళ్లీ కట్టించాలి.

ఏం కాలిందో తేల్చే అధికారి గజపతయ్య. ఆయన ఎవరినీ ఏమీ అడగడు. బూడిద ముందు నిలబడి ఒక్క చూపు చూస్తాడు, రాసేస్తాడు. తన చూపుకు తిరుగులేదని ఆయనే ఊరంతా చెప్పుకునేవాడు. పాపం, ఇంకెవరూ చెప్పేవారు కాదు మరి.

పది రోజుల కిందట కోనమ్మ ఇల్లు కాలిపోయింది. ఇంట్లో ఉన్న నాలుగు మగ్గాలూ కాలిపోయాయి. గజపతయ్య వచ్చి, ఒక్క చూపు చూసి, "ఒక పూరిపాక, ఒక మగ్గం" అని రాసి వెళ్లిపోయాడు. ఆమె దగ్గర నేసే నలుగురూ పక్క ఊరికి మూటలు సర్దుకుంటున్నారు. వాళ్లు కదిలితే కోనమ్మ బతుకు బజారున పడ్డట్టే. అందుకే నాలుగు మగ్గాలూ ఇప్పించమని ఆమె చిట్టెన్నను కుదుర్చుకుంది.

"నిధి మాది. అధికారి మావాడు. మధ్యలో నువ్వెందుకు?" అన్నాడు రాజు.

"అందుకే ప్రభూ. నిధీ మీదే, అధికారీ మీవాడే. ఆవిడ వైపు ఒక్కడైనా ఉండొద్దూ?"

రాజుకు కోపం ఇంకాస్త పెరిగింది. "సరే. మధ్యాహ్నం లోపల మా అధికారి చూపు చాలదని నిరూపించు. నిరూపిస్తే ఆవిడ అడిగినదంతా ఇస్తాం. లేదంటే ఆవిడకు ఆ ఒక్క మగ్గమూ లేదు, నీకు మీసమూ లేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ కోనమ్మ చేతులు జోడించింది. సభలోనే ఉన్న గజపతయ్య హాయిగా నవ్వాడు.

ఆ నవ్వు విని రాజు ఆయన తల వంక చూశాడు. "అదేమిటయ్యా, ఉత్త తుండుగుడ్డ చుట్టుకొచ్చావు? మేమిచ్చిన పట్టు తలపాగా ఏది?"

"చాకలికి వేశాను ప్రభూ. వాడింకా తేలేదు."

చిట్టెన్న సెలవు తీసుకుని బయటికి వెళ్లి, కాసేపటికి ఒక పళ్లెంలో గుప్పెడు బూడిదతో వచ్చాడు.

"ఇది కాలకముందు ఏమిటో చెప్పండి, అధికారిగారూ."

గజపతయ్య వంగనైనా లేదు. "పాత గుడ్డపేలిక. వంటింట్లో మసి తుడిచే రకం."

"రాసి ముద్ర వేస్తారా?"

వేశాడు. చిట్టెన్న ఆ కాగితం అందుకుని, మొహం వేలాడేసుకుని రాజుకు దణ్ణం పెట్టాడు.

"అపరాధం ప్రభూ. ఇందాక చాకలి దగ్గర గజపతయ్యగారి తలపాగా తీసుకున్నది నేనే. అక్కణ్ణించి తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆపైన చెప్పడానికి నోరు రావడం లేదు."

గజపతయ్య గావుకేక పెట్టాడు. "అయ్యో, నా తలపాగా! పన్నెండు మూరల పట్టు ప్రభూ! నాకు నష్టం కట్టించాలి!"

"మీరు మసిగుడ్డ అని ముద్ర వేశారు కదండీ?"

"బూడిద చూస్తే ఏం తెలుస్తుందయ్యా! నేసినవాళ్లని అడగండి! నేను కట్టుకుంటే చూసినవాళ్లని అడగండి! కొలువు కానుకల చిట్టాలో రాసి ఉంది, తీసి చూడండి!"

సభలో వింజామర వీచేవాడి చెయ్యి కూడా ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు," అన్నాడు రాజు.

గజపతయ్య మళ్లీ చెప్పాడు. ఈసారి చాలా మెల్లగా.

"అలాగే అడుగుదాం," అన్నాడు చిట్టెన్న. "ఆ తలపాగా నేసింది నువ్వే కదమ్మా కోనమ్మా? ఏ మగ్గం మీద?"

"నాలుగోదాని మీదండి దొరా. మిగతా మూడిటి మీదా నూలు కోకలేనండి. పట్టంటే నాలుగోదే."

రాజు అగ్గినిధి చిట్టా తెప్పించాడు. మొన్న ఉగాదికి నాలుగు మగ్గాలకు రుసుము ముట్టినట్టు నిధివాళ్లే రాసుకున్నారు.

"పుచ్చుకునేటప్పుడు నాలుగు. కాలాక ఒకటా?" అన్నాడు రాజు. "ఇల్లూ నాలుగు మగ్గాలూ ఇవాళే మొదలుపెట్టండి. ఆ నేతగాళ్లని మూటలు విప్పుకోమనండి."

కోనమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. పది రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలు.

అప్పుడు చిట్టెన్న తన కండువా మడతలోంచి చలవ చేసిన పట్టు తలపాగా తీశాడు. చిన్న మరకైనా లేదు.

రాజు పళ్లెం వంక చూశాడు. "మరి ఈ బూడిద?"

"మన వంటశాలలో మసిగుడ్డ ప్రభూ. గజపతయ్యగారి చూపు నూటికి నూరుపాళ్లు నిజం. ఆయనే నమ్మలేదు."

రాజు నవ్వాడు, సభంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే రాజు ఆ తలపాగా అందుకుని చిట్టెన్న తలకు చుట్టాడు.

గజపతయ్య దానివైపు ఒక్క చూపు చూశాడు. ఈసారి ఏమీ రాయలేదు.