ముంగిలి కాదు, ఎంగిలి చూడు

అనగా అనగా, ఆకు పరిస్తే తప్ప అన్నం కనపడని కాలంలో, ఒక పట్నం ఉండేది. పట్నానికి మూడు దర్వాజాలు. దర్వాజాకొక బజారు. బజారు నిండా పూటకూళ్ళ ఇళ్ళు. వచ్చేపోయే వాళ్ళకు పూటకింత పుచ్చుకుని అన్నం పెట్టే ఇళ్ళు.

ఇన్ని ఇళ్ళున్నా, నీసు తగలని మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో కొత్తవాళ్ళకు తెలిసేది కాదు. అడిగితే అందరూ చెప్పేవారు. అదే చిక్కు.

ఆ పట్నంలో కొమురవ్వ అని ఒకామె. జనం తిని లేచాక ఎంగిలాకులు తీసేయడం ఆమె పని. వెనక గోడ దగ్గర ఆకులు ఎత్తేది, గంపలో వేసేది, ఊరవతల పారబోసేది. ఎత్తేది, వేసేది, పారబోసేది. ముందు గుమ్మంలోంచి ఆమెను ఎవరూ పిలిచింది లేదు.

ఒకనాడు బుచ్చమ్మ అనే తల్లి కూతుర్ని భుజాన వేసుకుని వైద్యుడి కోసం పట్నం వచ్చింది. కూతురు మణెమ్మకు ఎనిమిదేళ్ళు. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ ఆకలిని కూడా పట్టుకుపోయింది. పిల్ల తినక ఎన్నాళ్ళయిందో తల్లి లెక్కపెట్టలేదు. లెక్కపెడితే భయం.

వైద్యుడు నాడి చూశాడు.

"మూడు పూటలు గడువమ్మా. ఈలోపు నాలుగు ముద్దలు కడుపులో పడాలి. నీసు తగలకూడదు. ముద్ద దిగకపోతే నా మందు పట్టదు."

దిగిన సత్రంలో పొయ్యి లేదు. బుచ్చమ్మ పిల్లనెత్తుకుని బజారు దారి పట్టింది.

మొదటి పూట జట్కావాణ్ణి అడిగింది. "అన్నా, నీసు లేని మంచి భోజనం ఎక్కడ?"

"గంట ఉన్న ఇల్లమ్మా! ఆ గంట ఎంతుందో చూస్తే నీకే తెలుస్తుంది."

గంట పెద్దదే. పప్పులో పెట్టిన గరిటె అంతకుముందు మాంసం కూరలో మునిగొచ్చింది. పిల్ల వాసన చూసి మొహం తిప్పుకుంది. "వద్దమ్మా."

రెండో పూట దర్వాజా కావలివాణ్ణి అడిగింది. "అన్నా, నీసు లేని మంచి భోజనం ఎక్కడ?"

"చిలకల ఇల్లు. గోడల నిండా చిలకలే. ఎగిరిపోతాయేమో అనిపిస్తాయి."

చిలకలు బాగానే ఉన్నాయి. చారు మాత్రం నిన్నటిది. "వద్దమ్మా."

మూడో పూట తమలపాకులమ్మే ఆమెను అడిగింది. "వదినా, నీసు లేని మంచి భోజనం ఎక్కడ?"

"మీసాలాయన ఇల్లు వదినా. గుమ్మంలో నిలబడి దండం పెట్టి మరీ పిలుస్తాడు."

పిలిచాడు. కూర్చునేదాకా పిలిచాడు. కూర్చున్నాక ఎవరూ పలకలేదు. చివరికి వచ్చిన కూర నాలిక మీద నిప్పు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి "వద్దమ్మా" అనే ఓపిక కూడా లేదు.

పొద్దు వాలుతోంది. బుచ్చమ్మ ఆ ఇంటి వెనక గోడకు చేరగిలబడింది. అదే గోడ ఆ చివర కొమురవ్వ ఆకులు ఎత్తుతోంది.

"ఏమైంది బిడ్డా?"

బుచ్చమ్మ చెప్పింది. మూడు ఇళ్ళు, మూడు పూటలు.

"గంట జూసి పోయినవు. చిలకలు జూసి పోయినవు. మీసాలు జూసి పోయినవు. అన్నం జూసినవా?"

"తినకముందే అన్నం ఎట్లా తెలుస్తుంది అవ్వా?"

"ముందు తెల్వదు. ఎనక తెలుస్తది. ముంగిలి కాదు బిడ్డా, ఎంగిలి చూడు."

అని గంప చంకన పెట్టుకుని నడిచింది. ఒక సందు తిరిగింది. ఇంకో సందు తిరిగింది. మూడో సందులో ఒక పెంకుటిల్లు. గంట లేదు, బొమ్మ లేదు, పిలిచేవాడు లేడు. వెనక్కి తీసుకుపోయి ఒక ఎంగిలాకు ఎత్తి చూపించింది.

"ఇగో, వేళ్ళ గీతలు. చారు ఇడవలేక ఆకు ఊడ్చిండు. ఇగో, కరివేపాకు. అదొక్కటే మిగిల్చిండు, ఎముక లేదు, ముల్లు లేదు. ఇగో, మడత. తన దిక్కు మడిచిండు. కడుపు నిండింది, మళ్ళొస్తనని."

బుచ్చమ్మ కుప్పంతా చూసింది. అన్ని ఆకులూ అదే మాట చెబుతున్నాయి.

ఆ ఇల్లు పేరిందేవమ్మది. ఆమె పెసరకట్టు కాచింది, అన్నం మెత్తగా వార్చింది. ఆకు పరిచి వడ్డించింది. పిల్ల వాసన చూసింది. మొహం తిప్పుకోలేదు.

పిల్ల గుమ్మం బయట నిలబడ్డ కొమురవ్వను అడిగింది.

"అవ్వా, ఇది ఎట్లుంటది?"

"నాకేం ఎరుక బిడ్డా? నేనెన్నడు తిన్న?"

"మరి బాగుంటదన్నవు?"

"నేనన్లేదు. ఆకన్నది."

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. "అవ్వ తింటే నేను తింట."

బంతిలో కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. "ఎంగిలెత్తే మనిషి మన బంతిలోనా?" అని ఒకాయన గొణిగాడు.

బుచ్చమ్మ చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో ఆమెకే తెలియదు. బయట ఎండ గోడ దిగిపోతోంది.

పేరిందేవమ్మ ఆ చేతులను చూసింది. ఇంకో ఆకు తెచ్చి పిల్ల పక్కనే పరిచింది.

"రా అవ్వా, కూర్చో." గొణిగినాయన వైపు తిరిగింది. "లేస్తే లెయ్యి నాయనా. చారు మాత్రం ఇప్పుడే దించాను."

ఆయన చారు వంక చూశాడు. లేవలేదు.

కొమురవ్వ కాళ్ళు చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. అన్ని ఆకులు ఎత్తిన మనిషికి, ఆకు ముందు ఎలా కూర్చోవాలో తెలియలేదు. పిల్లే చూపించింది. అవ్వ ఒక ముద్ద, పిల్ల ఒక ముద్ద. అవ్వ రెండు, పిల్ల రెండు. మూడు. నాలుగు.

"అమ్మా, ఇంకొంచెం చారు."

బుచ్చమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

తినడం అయ్యాక కొమురవ్వ అలవాటుగా తన ఆకు మీద చెయ్యి వేసింది. పేరిందేవమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉంచు. ఆ ఆకు నేనెత్తుతాను."

"అది నా పని తల్లీ."

"ఈ పూటకు నాది."

పిల్లకు మందు పట్టింది. తిరిగి పోయేటప్పుడు తల్లి భుజాన కాదు, తల్లి ముందు పరిగెత్తుకుంటూ పోయింది.

మాట పట్నమంతా పాకింది. కొత్తవాళ్ళు గుమ్మాలు వదిలేసి వెనక గోడల దగ్గర గుమిగూడారు. మీసాలాయన తెలివైనవాడు. ఆవును తోలుకొచ్చి ఆకులు నాకించాడు. తళతళలాడే ఆకుల్ని చూసి జనం మురిసిపోయారు. కొమురవ్వ ఒక ఆకు ఎత్తి చూసి నవ్వింది.

"అయ్యా, మీ ఇంట్ల తినెటోళ్ళకు వేళ్ళు లేవా? కరివేపాకు సుతా మింగిన్రు!"

ఆ మర్నాడే మీసాలాయన వంటవాణ్ణి మార్చాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక పూట కొమురవ్వ రాలేదు. ఆమె పోయిందని ఆకుల కుప్పలే చెప్పాయి. పేరిందేవమ్మ మొదటి ఆకు పరిచింది, అన్నీ వడ్డించింది. ఆ వీధిలో ఆకులెత్తే ఇంకొకామెను ముందు గుమ్మంలోంచి పిలిచి కూర్చోబెట్టింది. ఆమె తిన్నాకే బంతి వేసింది.

ఆ పట్నంలో ఇప్పటికీ అంతే. మంచి పూటకూళ్ళ ఇంట్లో మొదటి ఆకు ఎంగిలెత్తేవాళ్ళది. దాన్ని కొమురవ్వ ఆకు అంటారు. ఆ ఆకు ఎత్తేది ఇంటి యజమానే. కొత్తవాళ్ళు "నీసు లేని మంచి భోజనం ఎక్కడ?" అని అడిగితే, పట్నంవాళ్ళు వేలెత్తి ఏ ఇల్లూ చూపించరు. "ముంగిలి కాదు, ఎంగిలి చూడు" అంటారు.

కథ తిన్నారు. ఇక ఆకు మడవండి. మీ వైపుకే.