పద్నాలుగు నిమిషాల క్యాసెట్టు

నా గొంతు విన్న స్టూడియోవాళ్ళందరూ ఒకే మాట అనేవారు. "చాలా క్లీన్‌గా ఉందమ్మా." తర్వాత ఫోన్ చేసేవారు కాదు.

డబ్బింగ్ చెప్పడం నాకెవరూ నేర్పలేదు. హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. రికార్డు చేసిన ప్రతి వాక్యంలోంచీ ఊపిరి చప్పుడు కోసేయడం, మాటకీ మాటకీ మధ్య ఖాళీలు తీసేయడం అలాగే అలవాటైంది. ఆ పనిలో నాకున్నంత ఓపిక ఇంకెవరికీ లేదని గర్వం కూడా ఉండేది.

ఇంట్లోవాళ్ళు ఇచ్చిన రెండేళ్ళ గడువు అయిపోవచ్చింది. అప్పుడు వెళ్ళాను, పరాంకుశం గారి దగ్గరికి. యూసఫ్‌గూడలో రెండో అంతస్తు వాటా. ఒకప్పుడు ఆయనా, ఆయన భార్య రంగనాయకి గారూ మద్రాసులో డబ్బింగ్ చెప్పేవారు. ఆవిడ పోయి పదకొండేళ్ళు.

నా రికార్డింగ్ విని ఆయన, "కొత్తగా సున్నం వేసిన ఆసుపత్రి గోడలా ఉందమ్మా," అన్నారు.

"అంటే బాగాలేదా మాస్టారూ?"

"గోడ బాగానే ఉంది."

"మరి లోపం ఎక్కడుంది?"

"రోజూ వచ్చి కూచో. వినడం వస్తే నీకే వినపడుతుంది."

నాలుగు నెలలు వెళ్ళాను. పాఠమంటూ ఏమీ లేదు. కాఫీ పెట్టించుకునేవారు, పేపరు చదివించుకునేవారు. లోలోపల ఉడికిపోయేదాన్ని. నేనేంటో ఒక్కసారి ఈయనకి చూపించాలి అనుకునేదాన్ని.

ఒకరోజు బీరువాలోంచి క్యాసెట్టు తీశారు. తల్లికి ఒంట్లో బాగాలేక నెల్లూరు వెళ్ళినప్పుడు, రంగనాయకి గారు ఉత్తరం రాసే తీరిక లేక అందులో మాట్లాడి పంపారట.

"సినిమాల్లో ఆవిడ గొంతు బోలెడుంది. మాటలు మాత్రం ఎవరివో. సొంత మాటలున్నది ఇదొక్కటే. ఏటా తిథినాడు ఒకసారి వింటాను. టేపు పాతబడిపోయింది. కంప్యూటర్‌లోకి ఎక్కించగలవా?"

"ఎక్కించి, శుభ్రం చేసి తెస్తాను మాస్టారూ."

శుభ్రం చేయమని ఆయన అడగలేదు.

టేపు ఒక్కసారే తిరిగింది. రెండోసారి పెడితే ముక్కలైపోయింది. ఎక్కించేశాను కదా, పర్లేదనుకున్నాను. రెండు రోజులు కూర్చుని ఆవిడ ఊపిర్లు, దగ్గు, మాట వెతుక్కుంటూ ఆగిన చోట్లు, వెనకాల గిన్నెల చప్పుడు, అన్నీ తీసేశాను. ఎప్పటిలాగే పాతదాని మీదే సేవ్ చేశాను. పద్నాలుగు నిమిషాలది తొమ్మిదికొచ్చింది.

ల్యాప్‌టాప్ తెరిచి, ఆయనకు హెడ్‌ఫోన్స్ పెట్టి, మెచ్చుకుంటారని మొహమే చూస్తూ కూర్చున్నాను. అమ్మకి జ్వరం తగ్గిందని, ఇక్కడ వంకాయలన్నీ పుచ్చులేనని, నీలం చొక్కాకి గుండీ ఊడింది కుట్టించుకోమని ఆవిడ చెబుతోంది. నాకు వరసంతా కంఠతా వచ్చేసింది.

ఆయన చివరిదాకా విన్నారు.

"ఇంత తొందరగా మాట్లాడేది కాదే."

"ఖాళీలు తీసేశాను మాస్టారూ. ఐదు నిమిషాలు అదే ఉంది."

"ఆ ఐదు నిమిషాలు ఎక్కడ పెట్టావు?"

"పాతదాని మీదే సేవ్ చేశాను మాస్టారూ. ఇక లేవు."

"క్యాసెట్టు?"

సంచీలోంచి తీసి బల్లమీద పెట్టాను. టేపు ముక్కలు బయటికి వేలాడుతున్నాయి. ఆయన వాటిని ముట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగారు. తిట్టి ఉంటే బాగుండేది. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగారు.

"లే. మైకు పెట్టు."

పెట్టాను.

"మొదట్నుంచి వెయ్యి. నేను చెయ్యెత్తిన చోట ఆపు."

'అమ్మకి జ్వరం తగ్గింది' అన్న తర్వాత చెయ్యెత్తారు. ఆపాను.

"మా ఇద్దరికీ ఒకటే మైకు ఉండేది అప్పట్లో," అన్నారు. "నేను కాగితం చూసేవాణ్ణి కాదు. ఆవిడ ఊపిరి తీస్తే ఆగేవాణ్ణి. వదిలితే అందుకునేవాణ్ణి."

మైకు దగ్గరికి వంగి ఊపిరి పీల్చారు. ఆ ముసలి గుండెలోంచి రావాల్సిన ఊపిరి కాదది. చిన్నది, పైపైన, చివర కాస్త తెగినట్టు. తెర మీద ఖాళీ గీతలో సన్నటి అల లేచింది.

"ఆవిడది కాదు," అన్నారు. "తెలుసు. తర్వాతది పెట్టు."

అలా చేస్తూ వెళ్ళాం. ఇక్కడ పొడుగ్గా, ఇక్కడ రెండు, ఇక్కడ అమ్మ నిద్రపోతోందా అని అటు చూసింది, అంటూ ఒక్కొక్కటే ఇచ్చారు. నేను ఒక్కొక్కటే అతికాను. నా కళ్ళు మసకబారి గీతలు కనిపించడం లేదు.

గుండీ మాట దగ్గర చెయ్యెత్తారు.

"ఇక్కడ నవ్వింది."

నవ్వింది. నేనే కోశాను.

ఆయన మైకు దగ్గరికి వంగారు. చప్పుడు రాలేదు. మళ్ళీ వంగారు. మూడోసారి కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు.

"ఇది ఖాళీగా ఉంచు."

"ఎంతసేపు మాస్టారూ?"

"కోసింది నువ్వు కదమ్మా," అన్నారు మెల్లగా. "నీకే తెలియాలి."