తూము మూసినంక తింట

అప్పుడెప్పుడో, మా తాతకు తాత ఇంకా పాలపళ్ళతో తిరిగే రోజుల్లో జరిగిన ముచ్చట. చెప్పడం నా వంతు, ఊఁ కొట్టడం మీ వంతు.

ఒక ఊరికి ఒక చెరువు, ఆ చెరువుకు ఒక తూము, ఆ తూముకు ఒక నీరటి. నీరటి అంటే ఎవరి మడికి ఎన్ని నీళ్ళు పోవాలో చూసి తూము తెరిచేవాడు, కోతలయ్యాక మూసేవాడు. పేరు మైసయ్య. భార్య పోయింది, పిల్లలు లేరు. తనదనుకునే మనిషి చెల్లెలు ఎల్లవ్వ ఒక్కతే.

కొత్తలో మైసయ్య పిలిచిన ఇంట్లో తినేవాడు. ఒకనాడు స్నేహితుడు సాయన్న ఇంట్లో చేపల పులుసుతో కడుపునిండా తిన్నాడు. ఆ తడవ సాయన్న మడి పొంగింది, పక్కనున్న లచ్చవ్వ మడి ఎండింది. సాయన్న నీళ్ళు అడగనేలేదు. తిన్న చెయ్యి తనంతట తనే అటు తిరిగింది. లచ్చవ్వ ఎండిన వరి మొక్కలు తెచ్చి మైసయ్య ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆనాటి నుంచి మైసయ్య ఎవరింటా మెతుకు ముట్టలేదు. చెరువు కట్ట మీద మూడు రాళ్ళు పెట్టుకుని జొన్న గటక వండుకునేవాడు.

ఊరి పెద్ద పటేలు పిలిచాడు. "మైసయ్యా, యాటను కోసినం, రా."

"తూము మూసినంక తింట, పటేలా."

లచ్చవ్వ పిలిచింది. "నా మనసుల ఏం లేదు బిడ్డా. మక్క గారెలు చేసిన, ఒక్కటి తిను."

"తూము మూసినంక తింట, అవ్వా."

ఎల్లవ్వ పిలిచింది. కొడుకు పెళ్ళి, మేనమామ లేకుండా ఎట్లా? మైసయ్య వచ్చాడు, బట్టలు పెట్టాడు, అక్షింతలు వేశాడు. విస్తరి వేయగానే లేచాడు.

"నా ఇంట్ల గూడనా, అన్నా?"

"నీకూ మడి ఉన్నది గద, చెల్లే. తూము మూసినంక తింట."

"ఇంక నా గడప తొక్కకు," అంది ఎల్లవ్వ.

ఆ ఏడు కొస మళ్ళ దాకా నీళ్ళందాయి. కోతలయ్యాయి, తూము మూశారు. మైసయ్య తలకు నూనె రాసుకుని, ఉతికిన ధోతి కట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. ఇంటింటి ముందు మెల్లగా నడిచాడు. "మంచిదేనా మైసయ్యా" అన్నారు. తిను అన్నవాళ్ళు లేరు. నీళ్ళతో పని తీరిపోయిందాయె! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పిలవాల్సిన లచ్చవ్వ అప్పటికే కాలం చేసింది. ఎల్లవ్వ అన్నను చూసి తలుపు వేసుకుంది.

ఒక ఎండాకాలం కాదు, రెండు కాదు, బతికినన్నాళ్ళూ అంతే. ఏటా వచ్చాడు, ఏటా ఆకలితో కట్ట మీదికి తిరిగి వెళ్ళాడు. పాపం, ఎంత ఒంటరివాడో.

అలాంటి ఒక ఎండాకాలంలోనే కట్ట మీద పోయాడు. ఎల్లవ్వ అన్నం గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. "తూము మూసే ఉన్నది, అన్నా. లేచి తిను," అని ఏడ్చింది. ఊరంతా తల దించుకుని నిలబడింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో తూము మూసిన రోజు ఎవరూ ముందు తినరు. ఇంటికో ముద్ద కట్ట మీదికి తెస్తారు. ఆ ఏడాది నీరటిని కూర్చోబెట్టి, చాలనేదాకా వడ్డిస్తారు. అతని పేరు ఏదైనా సరే, వడ్డించే ప్రతి మనిషీ అనేది ఒక్కటే.

"తూము మూసినం. తిను, మైసయ్యా."